ఇంట్లో ఎవరూ లేరు

హలో... వినబడుతోందాండీ? అన్నలూ, అక్కలూ, కాలేజీ పిల్లలూ, అందరూ ఉన్నారు కదా? ఐదు నిమిషాలు లైన్లోనే ఉండండి. మా నాయనమ్మ లోవమ్మ సంగతి చెప్పాలి.

పందొమ్మిది వందల యాభై రెండు. రాజోలు వైపు గోదావరి మధ్యలో మా లంక. నలభై రెండు పాకలు. రెల్లు నరికి, ఆ ఇసకమేటని మిరప పండే భూమిగా చేసింది మావాళ్ళే. ఒడ్డున ఉండే కామందు ధర్మరాజు దాన్ని వేలంపాటలో కొట్టేయాలని చూస్తున్నాడు. "పాట పెట్టాలా, దున్నేవాళ్ళకే ఇవ్వాలా? ఇంటింటికీ వెళ్ళి జనాన్నే అడిగి రాసుకురండి" అని సర్కారు ఉత్తర్వు వేసింది. మనల్ని అడుగుతారట! లంకంతా సంబరం.

గుమాస్తా సూర్యప్రకాశరావుగారు వచ్చిన రోజునే ధర్మరాజు మగాళ్ళందర్నీ కొబ్బరి దింపుకి అవతలి ఒడ్డుకి పిలిపించాడు.

"ఇంట్లో ఎవరున్నారమ్మా?" అన్నాడు గుమాస్తా పాక ముందు నిలబడి.

మగాడు లేనప్పుడు పరాయి మనిషి పిలిస్తే మా ఆడాళ్ళు తలుపు చాటునుంచి చెప్పే మాట ఒకటే.

"ఎవరూ లేరండీ."

అప్పుడు పాకలో లోవమ్మ ఉంది. చంకలో మా నాన్న. కుక్కిమంచంలో అత్త సూరమ్మ దగ్గుతోంది. ఆయన అలాగే రాసుకున్నాడు. నలభై రెండు పాకల్లోనూ అదే జవాబు.

సాయంత్రం ఇంటికొచ్చిన ఆవిడ మొగుడు, మా అబ్బులు తాత, నెత్తి కొట్టుకున్నాడు. "నువ్వు మనిషివి కాదేంటే?"

"ఇన్నేళ్ళలో నన్నో మాటడిగేవా నువ్వు? అలవాటు లేనిది నోట్లోకెలా వస్తాదయ్యా?"

నెల తిరక్కుండా లంక ఖాళీ అని తేల్చి పాట పెట్టారు. ధర్మరాజు పాడుకున్నాడు. మగాళ్ళు అర్జీ పట్టుకుని కచేరీకి వెళ్ళిన రోజు, పడవ నిండా అతని మనుషులు దిగి పాకలు పీకడం మొదలెట్టారు. లోవమ్మ మిరప చేలోంచి పరిగెత్తింది.

"ఆగండి! లోపల మా అత్తుంది! లేవలేదండీ!"

ధర్మరాజు మనిషి పెదబాబు కాగితం ఊపాడు. "ఎవరూ లేరని మీరే కదే చెప్పేరు. పీకండ్రా!"

పాక మధ్య నిలబెట్టిన నిట్రాడు విరిగింది. తాటాకు కప్పంతా కూలింది. తీసి చూస్తే, సూరమ్మ చేతిలో నీళ్ళచెంబు అలాగే ఉంది.

శవాన్ని ఆడాళ్ళే పడవెక్కించారు. ఆడాళ్ళే కచేరీ దాకా మోశారు. గుమాస్తా బల్ల ముందు దించారు.

"రాయండి బాబూ," అంది లోవమ్మ. "ఇంట్లో సూరమ్మ ఉంది."

ఆయన సిరాలో కలం ముంచాడు. "తప్పయిపోయిందమ్మా. నీ మాటేంటని నేనడగలేదు."

"మేమూ చెప్పలేదు కదండీ. ఇప్పుడు చెబుతున్నాం. ఇంట్లో నేనున్నాను, లోవమ్మని. భూమి దున్నేవాళ్ళదే."

"వీరాయమ్మని. నేనూ ఉన్నాను."

"కాంతాన్నండీ. ఉన్నాను. రాయండి."

అర్జీతో నిలబడ్డ మగాళ్ళు పక్కకి జరిగి దారిచ్చారు. పోలీసులొచ్చేసరికి ముప్పై పేర్లయ్యాయి. తొమ్మిది మందిని పట్టుకెళ్ళారు. వ్యానెక్కుతూ కూడా లోవమ్మ మిగతావాళ్ళ పేర్లు అరుస్తూనే ఉంది. ఆ రోజు సాగనంపేటప్పుడు సూరమ్మకి కోడలు చేతి నీళ్ళు కూడా దక్కలేదు.

భూమి మాకు రాలేదండీ. తలుపు కొట్టిన చప్పుడైతే చాలు, ముసలితనంలో కూడా మా నాయనమ్మ "ఉన్నాను, ఉన్నాను" అంటూ ఏడ్చేది.

కానీ సూరమ్మ పోయిన మరుసటి వారం, అవే కాగితాలతో ఎగువనున్న పై లంకకి వెళ్ళిన గుమాస్తాకి రేవులోనే అరవై మంది ఆడాళ్ళు కొంగులు బిగించి ఎదురొచ్చారు. "అడగండి" అన్నారు.

ఈ రికార్డు ముందు మీ ఇంట్లో ఆడాళ్ళకి వినిపించండి. వాళ్ళేమంటారో వినండి. ఆ తర్వాత ఇంకో నాలుగిళ్ళకి పంపండి, ఆయ్!