నేనూ, నూకరాజు రెండు మైకులూ

నేను ఒక లెక్కను. నన్నెవరూ లెక్కచెయ్యరు, అది వేరే లెక్క. కాపురం చిప్పులో, అలాగని ఎవరి చేతికీ చిప్ప ఇచ్చే రకాన్ని కాను. నన్ను రాసిన ఇంజనీరు వసుంధర గారు నాకు ఒకటే పని నేర్పారు: రొదలోంచి సొదను వేరుచెయ్యడం. నేనుండే రేడియో పెట్టెకు రెండు మైకులు. ఒకటి మాట్లాడేవాడి నోటి దగ్గర, రెండోది ఇంజను దగ్గర. రెండోదానిలో వినబడే మోత మొదటిదానిలో ఎంత కలిసిందో ఊహించి తీసేస్తాను. ఊహ తప్పితే దిద్దుకుంటాను, మళ్లీ తప్పితే మళ్లీ దిద్దుకుంటాను. మనుషులైతే దిద్దుకునే ముందు తప్పు ఎవరిదో తేల్చుకుంటారు. నాకంత తీరిక లేదు.

ప్రయోగశాలలో ఫ్యాను మోత, ప్రదర్శనల్లో మిక్సీ మోత మోసి మోసి, చివరికి విశాఖ రేవులో సరంగు నూకరాజు నడిపే మరపడవలో కుదురుకున్నాను. నూకరాజుకు గొంతు పెద్దది, నమ్మకం చిన్నది. మొదటి వేటకు వెళ్లగానే ఇంజను దగ్గరి మైకును ఊడబీకి, నోటి దగ్గరి మైకు పక్కనే కట్టాడు.

"రెండిట్లో మాటాడితే రెండింతలు ఇనబడతాది" అన్నాడు కళాసీలతో.

ఆ మధ్యాహ్నమే వల వెళ్లి పడవ అడుగున నీళ్లను తోసే పంకాకు చుట్టుకుంది. వలేసినవాళ్లే విలవిల. ఇంజను ఆగింది, ఏడుగురితో పడవ గాలివాటున నడిసముద్రంలోకి కొట్టుకుపోతోంది. ఎక్కడున్నామో రేవుకు చెబితేనే సాయం. నూకరాజు చెప్పాడు, అరిచాడు, బతిమాలాడు. రెండు మైకుల్లోనూ అదే గొంతు. రెండోదానిలో వచ్చేదంతా రొదేనని కదా నా చదువు. మొత్తం తుడిచేసి, రేవుకు శుభ్రమైన నిశ్శబ్దం పంపాను.

పడవ నుంచి మాట రావట్లేదన్న కబురు తెలిసి అతని భార్య కాసులమ్మ రేవు రేడియో గదికి వచ్చింది. అక్కడి మాటలు మాకు బాగానే వినబడుతున్నాయి.

"సిగ్నల్ వస్తోందమ్మా, మాటే లేదు. అసలు మాట్లాడట్లేదేమో" అన్నాడు ఆపరేటరు.

"మా మావ మాటాడకుండా ఉంటాడా బాబూ? నిద్దర్లో కూడా ఊరుకోడు. ఆ కొత్త పెట్టిని ఏటి సేసినాడో."

"దానికి రెండు మైకులుంటాయి. ఒకటి ఇంజను దగ్గర ఉండాలి."

"రెండా? అయితే రెండూ మూతికే కట్టుంటాడు. ఇంట్లో రెండు ఫ్యాన్లుంటే రెండూ తన మంచం కాడికే." ఆపైన సూటిగా మాకే చెప్పింది: "మావా, ఒక మైకు ఇంజిను కాడికి పంపు. తిట్టేదుంటే ఆనక తిట్టుకుందువు గాని."

పంపాడు. ఆగిపోయిన ఇంజను దగ్గర మైకుకు వినడానికి ఏముంది? క్షణంలో నా ఊహలన్నీ దిద్దుకున్నాను. మేమెక్కడున్నామో చెబుతూ నూకరాజు చదివిన అంకెలు ఒక్కటీ పోకుండా రేవు చేరాయి. దగ్గర్లో ఉన్న పడవొకటి మా వైపు తిరిగిందని ఆపరేటరు చెప్పాడు.

"మళ్లీ సెప్పు మావా" అంది కాసులమ్మ.

"ఆ బాబు రాసుకున్నాడు గదే."

"నాను ఇనాల."

అతను మళ్లీ చెప్పాడు, ఈసారి మెల్లగా. తీసెయ్యడానికి నాకేమీ దొరకలేదు. ఉన్నది ఉన్నట్టే పంపాను.