ఆటువేళ అత్త గొంతు

పొద్దున్నే అత్తా కోడలూ వెనక వసారాలో కూర్చుని చిరిగిన వలలు బాగుచేస్తారు. రోజూ అదే పని. అత్త కంతలు వెతికి చూపిస్తుంది, కోడలు ముడులు వేస్తుంది. ముడి వదులైతే అత్త తిడుతుంది. గట్టిగా వేస్తే, అంత దారం తినేస్తే రేపటికి ఎవడబ్బ తెస్తాడని తిడుతుంది.

అత్త గొంతు సముద్రంతో పాటు వస్తుంది, సముద్రంతో పాటు పోతుంది. పోటు ఎక్కేకొద్దీ గొంతు లేస్తుంది. నీళ్ళు ఒడ్డు గోడని తాకేసరికి వీధి చివర టీకొట్టు దాకా వినపడుతుంది. ఆటు మొదలైతే సన్నబడుతుంది. నీళ్ళు బాగా వెనక్కి పోయాక పెదాలు కదులుతాయి గానీ మాట రాదు. చిన్నప్పటినుంచీ ఆవిడకి అంతే. వీధిలో పడవలవాళ్ళు నీళ్ళు ఎంతవరకు వచ్చాయో చూడ్డానికి ఒడ్డుకి పోరు. "సైరను ఇంకా లేవలేదు, ఇంకో టీ చెప్పు" అంటారు.

కోడలికి ఆ గొంతంటే భయం. కాపరానికి వచ్చిన కొత్తలో ఆ కేకకి చేతిలో గిన్నె జారి పడేది. కానీ గొంతు లేకపోతే అంతకంటే భయం.

ఆమె మొగుడు పడవ ఇంజన్లు బాగుచేసే మెకానిక్కు. సాయంత్రం షెడ్డు నుంచి వస్తాడు. ఇంట్లో అత్త గొంతు ఉంటే తలొంచుకుని తింటాడు. "కంచం అలా తోస్తావేరా, అది నిన్నేం చేసింది?" అని ఆవిడ అంటే చాలు, కంచం దగ్గరికి లాక్కుంటాడు. గొంతు లేని సాయంత్రాలు మాత్రం ముందు తల్లిని వసారాలోకి నెట్టి తలుపు గడి వేస్తాడు. తర్వాత పెళ్ళాం మీద చెయ్యి చేసుకుంటాడు. బయట ఆవిడ రెండు చేతులతో తలుపు బాదుతూ ఉంటుంది. వీధికి వినపడేది ఆ తలుపు చప్పుడొక్కటే. తలుపు చప్పుడుకి ఎవరొస్తారు?

అందుకే కోడలికి ఆటు ఎప్పుడో తెలియాలి. ఒకరోజు వల ఒళ్ళో పెట్టుకుని, తల ఎత్తకుండానే అడిగింది.

"అత్తా, నీ గొంతు ఒక్కోరోజు పూర్తిగా పోతుంది. ఇవాళేమో కొంచెం తగ్గి ఊరుకుంది. ఎందుకలా?"

"నన్నడుగుతావేం, అక్కడున్నాడు, వాణ్ణడుగు." అత్త సూది ఎత్తి ఆకాశంలోకి చూపించింది. వెలిసిపోయిన సగం చంద్రుడు ఇంకా ఉన్నాడు. "వాడు లాగితే నీళ్ళు వాడి వైపు ఉబ్బుతాయి. అదొక పోటు."

"రోజుకి రెండు వస్తాయిగా?"

"అటువైపు నీళ్ళు వాడికి దూరం కదే. అంతగా లాగుడు అందదు, వెనకబడిపోతాయి. అక్కడా ఉబ్బుతుంది. భూమి తిరుగుతుంటే మనం ఈ ఉబ్బు కిందికొకసారి, ఆ ఉబ్బు కిందికొకసారి వెళ్తాం. ఈలోపు చంద్రుడు ఊరికే నిలబడడుగా, కొంచెం ముందుకి పోతాడు. అందుకే పోటు ప్రతిరోజూ కాస్త ఆలస్యం. నువ్వు పొయ్యి వెలిగించినట్టే."

"మరి ఎక్కువ తక్కువలెందుకు?"

"సూర్యుడూ లాగుతాడు. వాడిది తక్కువ బలం. అమావాస్యకీ పౌర్ణమికీ ఇద్దరూ ఒకే వరసలో ఉంటారు. లాగుడు కలుస్తుంది. నీళ్ళు బాగా ఎక్కుతాయి, బాగా దిగుతాయి. ఇవాళలాగా సగం చంద్రుడి రోజున ఒకడు ఇటు, ఒకడు అడ్డంగా. మంచం మీద దుప్పటి నువ్వు పొడుగ్గా లాగి, నేను అడ్డంగా లాగితే ఏమవుతుంది? ఎటూ పోదు. నా గొంతూ అంతే, ఎటూ పోక ఇక్కడే ఏడుస్తుంది." ఆవిడ ఒక కంత పట్టుకుని ఆగింది. "వచ్చే అమావాస్యకి చంద్రుడు మామూలు కంటే దగ్గరికొస్తున్నాడు. మన ఒడ్డు పక్కనున్న పాయ అడుగు కూడా బయటపడుతుంది. ఇక్కడ ఇంకో ముడి వెయ్యి. నిద్రపోతున్నావా?"

కోడలు ముడి వేసింది. వాళ్ళ ఒడ్డున అమావాస్యకి ఆటు పడేది పొద్దున ఒకసారి, మళ్ళీ దీపాలు పెట్టే వేళకి ఒకసారి. సరిగ్గా మొగుడు ఇంటికొచ్చే వేళ. కిందటి అమావాస్యకి పక్కటెముక దగ్గర తగిలిన దెబ్బ ఇంకా ఊపిరి పీల్చినప్పుడల్లా పట్టేస్తోంది. ఈసారి నీళ్ళు ఇంకా దూరం పోతాయంటే, గొంతు అంతసేపు తిరిగి రాదు.

ఇంకోటి కూడా తోచింది. అఖాతానికి అవతలి ఒడ్డున ఆమె అక్క బట్టలుతికే షాపు నడుపుతోంది. రోడ్డు మీద బస్సుంది గానీ, ఆ డ్రైవరు మొగుడి దోస్తు. నీళ్ళు అంత దూరం పోయిన రోజున ఇసుక మీదే నడిచి అవతలికి పోవచ్చు. దూరం పోయిన నీళ్ళు తిరిగి రావడానికి అంత ఎక్కువ టైము పడుతుంది కదా అనుకుంది. ఎవరినీ అడగలేదు. అడిగితే మనసులో మాట బయటపడిపోతుందని భయం.

అమావాస్య పొద్దున మొగుడు షెడ్డుకి పోగానే రెండు చీరలు మూట కట్టింది. వసారాలో అత్త ఉంది. గొంతు లేదు. ఆవిడ మూట చూసింది, సముద్రం చూసింది, గబగబా లేచి కోడలి మోచెయ్యి పట్టుకుంది. పెదాలు కదిలిపోతున్నాయి. ఒక చేత్తో సముద్రం మీంచి ఒడ్డు వైపు గాలిని తోస్తున్నట్టు మళ్ళీ మళ్ళీ ఊపింది.

"వదులు అత్తా. నీ కాళ్ళు పట్టుకుంటాను, వదులు." కోడలు చెయ్యి విడిపించుకుని మెట్లు దిగి పరిగెత్తింది. తనని ఆపుతోందనే అనుకుంది.

పాయలో నీళ్ళు చీలమండ దాకానే ఉన్నాయి. దాటేసింది. తర్వాత అంతా తడి ఇసుక. కాలు పెట్టిన చోటల్లా చిన్న పీతలు కన్నాల్లోకి దూరిపోతున్నాయి. వెనక్కి చూస్తే ఇల్లు అగ్గిపెట్టంత అయింది. ఇంకాసేపటికి చూస్తే ఇల్లు లేదు. పొగమంచు దిగింది. ముందర ఒడ్డూ లేదు. తన అడుగులు తనకే వినపడుతున్నాయి. కాసేపటికి ఎదురుగా ఇసుకలో ఎవరివో అడుగుజాడలు కనపడ్డాయి. ప్రాణం లేచొచ్చింది. వంగి చూస్తే అవి తనవే.

అప్పుడు కాలివేళ్ళకి చల్లగా తగిలింది. ఇసుక మీద పల్చగా నీళ్ళు, చప్పుడు లేకుండా జారుకుంటూ వస్తున్నాయి. ఇంత తొందరగానా? ఆమె కదల్లేకపోయింది. చూస్తుండగానే పాదాలు మునిగాయి.

ఎక్కడో సన్నగా గొంతు.

మొదట ఊపిరిలా ఉంది. తర్వాత ఈల. తర్వాత అత్త. కోడలికి ఏడుపొచ్చింది. పట్టుబడిపోయాననుకుంది, అయినా కాళ్ళు ఆ గొంతు వైపే తిరిగాయి. ఇసుకలో ఒంటరిగా చచ్చిపోయే కంటే ఆ ఇంట్లో దెబ్బలే నయమనిపించింది. నాలుగడుగులు వేసేసరికి మాటలు తెలిశాయి.

"వెనక్కి రాకే, మొద్దు మొహమా. పాయ ముందే నిండిపోయింది. ఇటొస్తే మునుగుతావ్."

ఆమె ఆగిపోయింది.

"చంద్రుడు దగ్గరికొచ్చాడంటే ఎక్కువ టైమిస్తాడనుకున్నావా? ఎంత దూరం పోయినా తిరిగి రావడానికి ఉండేది ఆ ఒక్క పూటేనే. అంత దూరం ఆ పూటలోనే రావాలంటే పరిగెత్తుకునే వస్తాయి. వసారాలో చెయ్యూపి చెప్పానా లేదా? నీకు ముళ్ళెయ్యడమే రాదు, సైగలేం అర్థమవుతాయి. ఇప్పుడు నా గొంతు వీపుకి పెట్టుకుని నడువు. ఒక చెవిలో ఎక్కువ పడుతోందంటే పక్కకి తిరిగావని. సరిచేసుకో."

కోడలు వెనక్కి తిరిగింది. గొంతు వీపు మధ్యలోకి వచ్చేదాకా కదిలి, అప్పుడు నడిచింది. నీళ్ళు మోకాళ్ళకొచ్చాయి. మూట నెత్తికెత్తుకుంది. ఎడమ చెవిలో కేక ఎక్కువైతే కుడికి పోయి ఉంటానని ఎడమకి జరిగింది, అప్పుడు ఇంకా పక్కకి పోయింది. "అటు కాదే" అని తిట్టు పడింది. అంత మంచులో ఎలా కనపడిందో ఆవిడకే తెలియాలి. నీళ్ళు పెరిగేకొద్దీ గొంతు పెరుగుతోంది. ఆమె దూరమయ్యేకొద్దీ అంతే తగ్గుతోంది. అందుకని మొత్తం దారంతా గొంతు ఒకేలా, ఆమె వెనకే నడిచొస్తున్నట్టు వినపడింది. ఊరికే దారి చెప్పి ఊరుకుందా, పప్పు డబ్బా మూత పెట్టలేదని, తల దువ్వుకుని వెంట్రుకలు మూల పడేస్తావని, మంచి దువ్వెన ఎప్పుడు కొనుక్కుంటావని, అన్నీ తిట్టింది. నీళ్ళు నడుముకి, తర్వాత రొమ్ముకి వచ్చాయి. అల ఒకటి ఆమెని పైకి లేపి వదిలింది. కాలికి నేల అందలేదు. మళ్ళీ అందింది. ఈసారి అందింది ఇసుక కాదు, రాయి. అవతలి రేవు మెట్టు.

అక్క షాపులో ఆడవాళ్ళు తడి దుప్పట్లు పిండుతూ పిండుతూ ఆగి, ఎవరా అరిచేదని చూశారు. మెట్ల మీద కూర్చుని ఈమె దగ్గుతోంది. నీళ్ళ మీంచి ఇంకా వస్తూనే ఉంది. "బస్సెక్కి తిరిగి రాకు. వాడొచ్చి ఏడిస్తే నమ్మకు. తడి బట్టలు మార్చుకో."

సాయంత్రం మెకానిక్కు ఇంటికొచ్చేసరికి పొయ్యి వెలగలేదు. వీధిలోకి పోయి అడిగాడు.

"మీ అమ్మ పొద్దుటినుంచీ అరుస్తూనే ఉందిగా" అన్నాడు టీకొట్టువాడు.

"ఏమని?"

"రోజూ అరిచేదేగా, ఎవడు వింటాడు?"

లోపలికొచ్చాడు. అత్త చాప మీద కూర్చుని కోడలు సగంలో వదిలిన వల పట్టుకుని ఉంది. సముద్రం అప్పటికి కనుచూపు మేరలో లేదు.

"ఎక్కడికి పోయింది?"

ఆవిడ తలెత్తి పెదాలు కదిపింది. తప్పించుకోలేదు, ఆపుకోలేదు. ఎక్కడికి పోయిందో, ఎలా పోయిందో, ఎందుకు పోయిందో మొత్తం చెప్పింది. వాడు ఎదురుగా గొంతుక్కూర్చుని ఆ పెదాల వైపే చూశాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు. గొంతు లేని వేళల్లో వాడు తల్లి మొహం చూడటం ఇదే మొదటిసారి.