కుట్లు ఆరకముందే

"నేల కాళ్లకి అతుక్కుంటోంది," అంది అత్తయ్య.

నాతో కాదు. ఎవరితోనూ కాదు. వంటింటి గుమ్మంలో నిలబడి, ఒక పాదం ఎత్తి మళ్లీ ఆనించి, ఆ చప్పుడు విని గాలికి చెప్పింది. నేను అప్పుడే బుజ్జిదానికి పాలు పట్టి పడుకోబెట్టాను. ఆపరేషనై ఇంటికొచ్చి వారం కూడా కాలేదు. లేవాలంటే ఒక చేత్తో పొట్ట, ఒక చేత్తో మంచం అంచు పట్టుకుని, ఊపిరి బిగబట్టి లేచేదాన్ని. అయినా లేచాను. ఎందుకు లేచానో ఇప్పటికీ తెలీదు. లే అని ఎవరూ అనలేదు. అదే కదా గొడవంతా. అని ఉంటే ఫలానావాళ్లు అన్నారని చెప్పేదాన్ని.

నేల తుడిచే మందు ఆకుపచ్చ సీసాలో ఉంటుంది, మూత తీస్తే నిమ్మకాయ వాసన. అత్తయ్యకి ఆ వాసనంటే ప్రాణం. "వాసన రాకపోతే తుడిచినట్టా, తుడవనట్టా?" అంటుంది. మూతనిండా పోసి నీళ్లు కలిపాను. బకెట్ బరువుగా ఉంటే పొట్టకి ఆనించుకుని మోశాను. తొణికి నైటీ తడిసింది, లోపల కట్టూ తడిసింది. హాల్లో మా ఆయన ఫోను చూసుకుంటున్నాడు. నేను తుడుచుకుంటూ దగ్గరికి వచ్చేసరికి రెండు కాళ్లూ ఎత్తి సోఫా మీద పెట్టుకున్నాడు. "ఆరేదాకా దించకండి," అన్నాను, నేనే. ఆ మాట గుర్తొస్తే నామీద నాకే నవ్వొస్తుంది. నవ్వు మధ్యలో ఇంకేదో వస్తుంది.

తర్వాత కుట్లు ఎర్రబడ్డాయి. రసి పట్టింది. ఒళ్లు కాలిపోయింది. మళ్లీ ఆస్పత్రి. "నీళ్లలో పెరిగే రకం క్రిమి ఇది. మామూలు మనుషుల జోలికి పోదు, పచ్చి పుండు దొరికితే మాత్రం వదలదు," అంది డాక్టరమ్మ. ఆ ఘాటు మందులు వాడినన్నాళ్లూ పాపకి పాలివ్వద్దంది. మందులు అయిపోయేసరికి పాలూ అయిపోయాయి. బుజ్జిది నోటితో వెతుక్కునేది, దొరక్క నా మొహంలోకి చూసి ఏడ్చేది. చూడ్డానికొచ్చిన ప్రతివాళ్లకీ అత్తయ్య ఒకటే చెప్పేది, "ఏం చేస్తామమ్మా, తల్లికి ఒంటిశుభ్రం లేకపోతే బిడ్డ నోరు కట్టుకోవాల్సిందే." అంతకుముందు వారమే పక్కింటావిడతో, "మా కోడలికి శుభ్రం పిచ్చి, వద్దన్నా వినదు," అని మురిసిపోయింది. నాకు ఎటూ పాలుపోలేదు. నేను శుభ్రం పిచ్చిదాన్నా, మురికిదాన్నా? ఒక మనిషి రెండూ ఎలా అవుతుంది? స్నానం చేసేటప్పుడు చర్మం ఎర్రబడేదాకా రుద్దుకునేదాన్ని. ఎక్కడుందో ఆ మురికి, నాకు కనపడదే అని వెతుక్కునేదాన్ని.

పాలపొడి కోసం వెళ్లినప్పుడు కొట్టు గోడమీద కనపడింది కాగితం. దానిమీద అదే ఆకుపచ్చ సీసా బొమ్మ. పెళ్లి కుదరగానే బడి మానిపించారు, నాకు చదవడం నిదానం. కూడబలుక్కుంటూ చదివాను. ఈ నంబర్లున్న సీసాలు వాడకండి, లోపల హానిచేసే క్రిములున్నట్టు తేలింది, గాయాలున్నవాళ్లూ ఆపరేషనైనవాళ్లూ ముట్టుకోకూడదు. కొట్టతను కిసుక్కున నవ్వాడు. "కంచే చేను మేయడమంటే ఇదేనమ్మా. సబ్బుకే మురికి పడితే దాన్ని దేంతో కడుగుతాం చెప్పండి!"

ముందు సంతోషం వేసింది, చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది గానీ. నేను కాదు, సీసా! ఇంటికొచ్చి బాత్‌రూం మూల నుంచి సీసా తీసి నంబరు చూశాను. ఉంది, ఆ కాగితంలో నంబరే. అడుగున ఇంకా కాస్త ద్రవం కూడా ఉంది.

"ఇల్లంతా దాంతోనే తుడిచాం. మాకెవరికీ ఏం రాలేదే?" అంది అత్తయ్య.

తుడిచాం, అంది. ఆ 'తుడిచాం'లో నేను కాక ఇంకెవరున్నారా అని చూసుకున్నాను.

మా ఆయన ఫోనులో వెతికాడు. "సీసా ఫోటో పంపితే డబ్బులు వెనక్కిస్తారట. ఇక్కడ ఓకే నొక్కితే సరి."

"ఆ కింద ఏదో రాసుంది, చదవండి," అన్నాను.

చదివాడు. డబ్బు తీసుకున్నాక ఇక ఏ విధమైన ఫిర్యాదూ చేయనని ఒప్పుకున్నట్టే.

"నొక్కకండి," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది.

"ఏం, కోర్టుకెక్కుతావా? పది కూడా పూర్తి చెయ్యలేదు, లాయర్లకి పాఠాలు చెప్పేలా ఉన్నావే!"

కోర్టు సంగతి నాకేం తెలుసు? నాకు కావాల్సింది ఒకటే. బుజ్జిదాని నోరు కట్టింది నా ఒంటి మురికి కాదని ఎవరో ఒకరు, చదువుకున్నవాళ్లు, గట్టిగా చెప్పాలి. అత్తయ్య వినేలా చెప్పాలి. ఆ నాలుగు రూపాయలకి ఓకే నొక్కితే ఆ మాట ఇంకెవరు చెబుతారు? ఇదంతా ఆయనకి చెప్పలేకపోయాను. కానీ నష్టపరిహారం కూడా ఇప్పిస్తారని ఎవరో స్నేహితుడు అన్నాక మా ఆయనే మెత్తబడ్డాడు. వినియోగదారులకి ఉచితంగా సలహా చెప్పే లాయరమ్మ దగ్గరికి ఇద్దరం బయల్దేరాం. దారంతా నాకు పాఠం. "ఎందుకు తుడిచావంటే, నాకే అలవాటండీ, ఊరుకోలేను అని చెప్పు. అమ్మని ఇందులోకి లాగకు. తెలిసిందా?"

తెలిసిందన్నాను. నిజానికి అది అబద్ధమో కాదో కూడా నాకు తెలీదు. అలవాటే కదా?

లాయరమ్మ చిన్న గదిలో, పాత ఫైళ్ల మధ్య కూచుని టీ ఊదుకుంటోంది. మేం కవర్లో చుట్టి తెచ్చిన సీసాని ముట్టుకోకుండా చూసింది.

"పారెయ్యకుండా మంచిపని చేశారు. మూత తియ్యకండి, కడగకండి. మీ పుండులో దొరికిన క్రిమీ ఇందులో ఉన్నదీ ఒకటేనా అన్నది పరీక్షలో తేలాలి. తేలుతుందని నేను మాటివ్వలేను. ఆస్పత్రి కాగితాలన్నీ కావాలి. డబ్బు వెనక్కి తీసుకుని సంతకాలేం చెయ్యలేదుగా? బతికారు. ఇంతకీ దీన్ని వాడింది ఎవరు?"

"మేమేనండీ," అన్నాడు మా ఆయన. "కొన్నది నేను, బిల్లు నా పేరునే ఉంది. ఫిర్యాదు నేనే పెడతాను."

"మీరు కొన్నారు సరే. బకెట్ మోసింది మీరేనా?"

ఆయన గోడమీది క్యాలెండర్ చూశాడు.

"మరి దెబ్బ తగిలినావిడే పెట్టాలి కదండీ. బిల్లు ఎవరి పేరున ఉన్నా ఫరవాలేదు." నావైపు తిరిగింది. "అమ్మా, కంపెనీవాళ్లు మొట్టమొదట అడిగేది నేనే ముందు అడుగుతాను. విశ్రాంతి తీసుకోవాల్సిన మనిషివి, పచ్చి ఒంటితో నేలెందుకు తుడిచావు? ఎవరు తుడవమన్నారు?"

"తనకి శుభ్రం పిచ్చండీ," అన్నాడు మా ఆయన నవ్వుతూ.

నేను నోరు తెరిచాను. అలవాటండీ అనడానికే తెరిచాను. కానీ ఆ అలవాటు ఎప్పటిదా అని ఆలోచన వచ్చింది. మా అమ్మ జ్వరంతో అంట్లు తోముతుంటే నేను పక్కనే కూచుని లెక్కలు చేసుకున్నాను. అమ్మా లే, నేను తోముతానని అనలేదు. అంటే నేనూ మా ఆయనలాంటిదాన్నేనా? అత్తయ్య మాత్రం? ఆవిడ పచ్చి ఒంటితో ఎన్ని నేలలు తుడిచిందో ఎవరడిగారు? సీసాది తప్పంటే తేలిగ్గా ఉంది. కానీ సీసా దానంతటది నా పొట్ట దగ్గరికి నడిచి రాలేదు కదా. మంచి సీసా అయితే మాత్రం ఆ రోజు నేను తుడవాల్సిందేనా? పాఠమంతా మర్చిపోయాను.

"తుడవమని ఎవరూ అనలేదండీ," అన్నాను. "తుడవద్దని కూడా ఎవరూ అనలేదు."

మా ఆయన మోకాలు నా మోకాలికి తగిలింది, కావాలనే.

లాయరమ్మ టీ గ్లాసు పక్కన పెట్టింది. "ఈ మాట అలాగే చెబితే కంపెనీ దీన్నే పట్టుకుంటుంది. ఇంట్లోవాళ్ల నిర్లక్ష్యం, మాది కాదు అంటుంది. వచ్చేది తగ్గొచ్చు. ఆలోచించుకో."

"విన్నావా?" అన్నాడు మా ఆయన. "అనవసరంగా వాగకు."

"ఆలోచించుకున్నానండీ," అన్నాను లాయరమ్మతో. నిజానికి ఏమీ ఆలోచించలేదు. మనసులో అంతా కలగాపులగంగా ఉంది. అయినా మాట వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు. ఇన్నాళ్లకి నా నోట్లోంచి వచ్చిన నా మాట అదొక్కటే.

ఆవిడ కంప్యూటర్‌ని దగ్గరికి లాక్కుంది. ఫిర్యాదు చేస్తున్నది ఎవరన్న చోట నా పేరు కొట్టింది. స్కూలు రిజిస్టర్ తర్వాత నా పేరు ఒంటరిగా, ఫలానావారి భార్య అని లేకుండా చూడ్డం అదే మొదలు. తర్వాతి గడి దగ్గరికొచ్చి ఆగింది.

"ఎదుటిపక్షం?"

మా ఆయన టక్కున కంపెనీ పేరు చెప్పాడు. ఆవిడ అది కొట్టింది. నేను తెర మీద ఆ పేరు పక్కనున్న ఖాళీ చూస్తూ అడిగాను.

"ఇక్కడ ఒక్కరి పేరే రాయాలా అండీ?"