రాణిగారి కుబుసం

బుజ్జిబాబు రిసార్టులో పెద్దపీట మేనేజరుకి కాదు, రాణికి. రాణి అంటే అరచేతంత బొచ్చు సాలీడు, టరంటులా. అరకు చూడవచ్చినవాళ్లు ముందు దాన్ని చేతిమీద ఎక్కించుకుని ఫొటో దిగాకే కాఫీ తోటలకు బయలుదేరేవారు. గదులు ఊడ్చే కనకకు మొదట్లో అదంటే ఒళ్లుమంట. తనకు గ్లాసెడు టీ ఇవ్వడం గుర్తుండని బాబు దానికి కీచురాళ్లు వెయ్యడం మాత్రం ఒక్క వారమూ మరిచేవాడు కాదు. కానీ ఏడాదిగా ఆ గాజుపెట్టె తుడవగా తుడవగా మాలిమి పుట్టింది. ఎవరూ లేనప్పుడు దానితో నాలుగు మాటలు కూడా చెప్పుకునేది.

ఒక సోమవారం రాణి కుబుసం విడిచింది. కాళ్లూ కోరలూ బొచ్చూ అన్నీ ఉన్న తోలు ఒక పక్క, పాలిపోయి వణుకుతున్న రాణి ఇంకో పక్క. బుజ్జిబాబు కంగారుపడి, బలానికని రెండు కీచురాళ్లు వేశాడు. రాణి కోరలు ఇంకా గట్టిపడలేదు. అది వాటిని తినడం మాట అటుంచి, అవే దాని కాలు కొరికాయి.

కనక వాటిని తీసి పారేసింది. "కొండ సాలీలు కూడా తోలిడిసినాక పది దినాలు ఏటీ తినవు బాబూ. కాసిన్ని నీళ్లెట్టి ఒగ్గేయండి."

"శుక్రారం గెస్టులొస్తన్నారు. బేగి లేవాలది," అన్నాడు బుజ్జిబాబు.

కనక ఊళ్లో పురుడైనా జబ్బైనా గుమ్మానికి పచ్చికొమ్మ కడతారు. ఆకులు ఎండి రాలేదాకా, చూసుకునే మనిషి తప్ప ఆ గడప ఎవరూ తొక్కరు. కనక ఒక కొమ్మ తెచ్చి గాజుపెట్టెకు కట్టింది.

అదే కొంప ముంచింది. "ఇదేటి, మీ ట్రైబల్ పూజా? భలేగుందే," అని మురిసిపోయి బుజ్జిబాబు పక్కనే 'ట్రైబల్ పూజ' అని బోర్డు పెట్టించాడు. రావద్దని కట్టిన కొమ్మ దగ్గరే జనం క్యూ కట్టారు. గాజు మీద టకటకా కొట్టి లేపబోయారు. గురువారానికి రాణి కాళ్లు లోపలికి ముడుచుకుపోసాగాయి.

ఆ సాయంత్రం కనక రాణిని బుట్టలో పెట్టుకుంది. పెట్టెలో రాణిలా కనబడేట్టు కుబుసాన్ని కాళ్లు సర్ది కూర్చోబెట్టి ఇంటికి నడిచింది. తన ఇంటి గుమ్మానికి కొమ్మ కట్టింది.

"లోపలెవులే?" అన్నాడు మొగుడు అప్పన్న.

"రాణిగారు."

అప్పన్న గొంగడి తీసుకుని పశువుల పాకలోకి పోయాడు.

"తోలేదీ?" అని మర్నాడు బుజ్జిబాబు అడిగితే, "ఊడ్సేసినాను బాబూ," అంది కనక. గెస్టుల్లో సర్వేశ్వరరావు అనే పశువుల డాక్టరు ఉన్నాడు. గాజులోంచి చూసి, "కండిషన్ స్టేబుల్. రెస్టు తీసుకుంటోంది," అని టానిక్ రాశాడు. బుజ్జిబాబు దాన్ని స్వయంగా చుక్కచుక్కగా కుబుసం నోట్లో పోశాడు. చేతిమీద పెట్టించుకున్నవాళ్లు ఈసారి ఎవరూ జడవలేదు. ఎంత బుద్ధిమంతురాలో అని మెచ్చుకున్నారు. బుజ్జిబాబు పెట్టెకు రోజూ పొద్దున్నే తాజా కొమ్మ కట్టించాడు.

కనక ఇంటి కొమ్మ పన్నెండో రోజున ఆకులు రాల్చింది. ఆ రోజే రాణి మూకుట్లో నీళ్లు తాగి, కీచురాయిని ఒక్క ఉదుటున పట్టింది. కనక సంతోషంతో ఏడ్చేసింది. తిట్లు తిన్నా సరేనని బుట్ట తీసుకెళ్లి, జరిగిందంతా బుజ్జిబాబుకు చెప్పింది.

ఆయన మూత తీశాడు. రాణి ముందు కాళ్లెత్తి కోరలు చూపించింది. బుజ్జిబాబు కుర్చీ ఎక్కాడు.

"ఏ కొండలో పట్టావే దీన్ని? కరిసేదాన్ని తెచ్చి రాణంటావా?"

"ఇదే రాణి బాబూ. పెట్టెలోది తోలు."

"ఏడాది పెంచినోడిని, నా రాణి నాకు తెలదా?" అని ఆయన కుబుసానికి ఆ పూట టానిక్ పోశాడు.

కనక బుట్ట మూసి ఇంటికొచ్చింది. అప్పన్న చూసి దిగులుగా గొంగడి అందుకోబోయాడు. "మల్లీ కొమ్మ కడతావేటి?"

"అక్కర్లేదు, లోపలికి రా. రాణిగారి ఉద్యోగం పోయింది. ఇకమీద ఇది మనింటి ఆడగుంటే," అంది కనక.