ఘాట్ రోడ్డులో రెండో సీటు

ప్రేమ్‌చంద్ కొన్న ఎర్ర కారులో రెండే సీట్లు. ఒంగోల్లో గ్రానైటు వ్యాపారం కలిసొచ్చిన ఏడాది, హైదరాబాదులో ఎవరో వాడి వదిలేసిన స్పోర్ట్స్ కారును మోజుపడి తెచ్చుకున్నాడు. భార్య నాగజ్యోతికి శ్రీశైలం ప్రాజెక్టు దగ్గర బళ్ళో టీచరు ఉద్యోగం. ప్రతి శనివారం ఆమె దగ్గరికి వెళ్ళి, ఆదివారం తిరిగొచ్చేవాడు. రెండో సీట్లో తల్లి హనుమాయమ్మ కూర్చునేది.

ఎవరు వద్దన్నా వినేది కాదు. భర్త పేరయ్య మిర్చి లారీ ఎక్కి గుంటూరు యార్డుకు వెళ్ళి శవమై వచ్చాడు. పెద్దకొడుకు మోటారుసైకిలు మీద కనిగిరి వెళ్ళి మరి రాలేదు. ఇద్దరినీ గుమ్మంలో నిలబడి తనే పంపింది. మిగిలిన కొడుకును ఒంటరిగా పంపదలచుకోలేదు.

ఆ ఆదివారం దోర్నాల వైపు ఘాట్ దిగుతుంటే బ్రేకు పోయింది. ప్రేమ్‌చంద్ తొక్కుతున్నాడు, పెడలు మెత్తగా అడుక్కంటా పోతోంది, కారు ఆగడం లేదు. ఎదురుగా మలుపు, దాని అవతల లోయ. గేరు కిందికి లాగి, కారును కొండవైపు మట్టిగట్టుకు రాసి ఆపాడు. చక్రాల్లోంచి పొగ వచ్చింది. చక్రాలు చల్లారాక బ్రేకు ఏమీ ఎరగనట్టు మళ్ళీ పట్టింది. హనుమాయమ్మను ఎక్కువ భయపెట్టింది అదే.

దోర్నాల మెకానిక్కు ఉస్మాన్ చూసి, బ్రేకు ఆయిలు మరిగిందన్నాడు. నీరు పట్టిన పాత ఆయిలు వేడికి బుడగలు కడుతుందట. తొక్కితే బుడగ నలుగుతుంది గాని చక్రం ఆగదు. కొత్త ఆయిలు పోసి, ప్యాడ్లు మార్చాడు. అయినా తర్వాతి వారం పెడలు మళ్ళీ మెత్తబడింది. ఈసారి ఉస్మానే రెండో సీట్లో కూర్చుని ఘాట్ ఎక్కి దిగాడు. బ్రేకు నిక్షేపంగా పట్టింది.

షెడ్డుకు వచ్చాక అడిగాడు. "ఆ రెండుసార్లూ కార్లో బరువేమన్నా ఉందాండీ?"

"అమ్మ ఉంది."

ఉస్మాన్ పకపకా నవ్వాడు. "అమ్మగారా! సగం బోరెం పత్తి కూడా తూగరు గదండీ!"

ప్రేమ్‌చంద్ నవ్వలేదు. వాళ్ళు తిరిగొచ్చేదాకా షెడ్డులోనే బల్లమీద కూర్చున్న హనుమాయమ్మ అది గమనించింది.

"ఏరా, నేనుంటే ఏం చేస్తావు?"

"ఏం లేదులేమ్మా."

"చెప్పరా."

"బ్రేకు మీంచి కాలు తియ్యను. తీస్తే కారు కాస్త పరిగెడుతుంది. నువ్వు 'నాయనా, మెల్లగా' అంటూ నా చెయ్యి పట్టుకుంటావు. అందుకని పైనుంచి కిందిదాకా తొక్కే ఉంచుతాను."

"అదీ సంగతి," అన్నాడు ఉస్మాన్. "రెండో గేర్లో దిగాలండీ, సగం పని ఇంజనే చేస్తుంది. మలుపు ముందు గట్టిగా తొక్కి వదిలెయ్యాలి. వదిలితేనే గదా చక్రానికి గాలి తగిలేది. తొక్కే ఉంచితే కొత్త ఆయిలైనా ఎంతసేపు తట్టుకుంటుంది?"

"ఇకమీదట నోరు మూసుకు కూర్చుంటాను," అంది హనుమాయమ్మ.

"నోరు మూసుకుంటావు. కళ్ళు కూడా మూసుకుని వణుకుతావు. అది చూసి నేను తొక్కుతాను."

ఆమె బల్లమీంచి లేచి కారు దగ్గరికి నడిచింది.

ఆ వారమూ వెళ్ళింది. తిరిగొచ్చేటప్పుడు శిఖరం గుడి దాటాక, ఘాట్ దిగుడు మొదలయ్యేచోట కారు ఆపమంది.

"బస్సులో వస్తాను. నువ్వు దోర్నాలలో ఆగు."

"బస్సంటే నీకు వాంతులు గదమ్మా!"

"కానీలే. పో."

కారు మలుపు తిరిగింది. తర్వాత వచ్చిన ఒంగోలు బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. మలుపు మలుపుకూ తల బయటికి పెట్టి పిట్టగోడ చూసింది. ఒకచోట గోడ విరిగి ఉంది. సీట్లోంచి సగం లేచింది. విరిగినచోట గడ్డి మొలిచి ఉండడం చూశాక ఊపిరి తీసుకుంది.

"ఏంది మామ్మా, అట్టా చూస్తన్నావు? ఏమన్నా పారేసుకున్నావా?" అన్నాడు కండక్టరు.

"ఇంకా పారేసుకోలేదు నాయనా."

దోర్నాలలో టీ కొట్టు ముందు ప్రేమ్‌చంద్ నిలబడి ఉన్నాడు. బస్సు మెట్టు దిగకుండానే అడిగింది.

"బ్రేకు?"

"ఒక్కసారి కూడా మెత్తబడలేదమ్మా!" అతని మొహం వెలిగిపోతోంది. ఆమె పక్కన కూర్చున్నప్పుడు ఆ మొహం ఎన్నడూ అంత తేలిగ్గా లేదు. "రా, ఎక్కు. ఇక్కణ్ణించి అంతా చదునేగా."

"ఒంగోలు దాకా టిక్కెట్టు తీసుకున్నాను." ఆమె బస్సు కమ్మీ వదల్లేదు. "వచ్చేవారం నుంచి రానురా. నువ్వు వెళ్ళిరా."

సరే అన్నాడతను. ఆమె అనుకున్నదానికన్నా తొందరగా అన్నాడు.