కింది పోర్షన్‌ల సావు

పట్నం దవాఖానల ఇగ చేసేదేం లేదు, ఇంటికి తీస్కపొమ్మన్నరు. ఏ ఇంటికని వాళ్లు అడగలే, నేను చెప్పలే. పాలకీడుల మా ఇల్లు కూలి పన్నెండేండ్లయింది. ఇప్పుడుండేది సూర్యాపేటల, శ్రీనివాస్ ఇంటి కింది పోర్షన్ల కిరాయికి. పైన వాళ్లుంటరు. తొమ్మిదేండ్లయింది. నేను ఆటో నడుపుత. నా భార్య చంద్రమ్మ కడుపుల గడ్డ లేసేదాక నాలుగిండ్లల్ల వంట చేసేది.

ఆమెను తీస్కొచ్చిన మూడోనాడు శ్రీనివాస్ మెట్లు దిగొచ్చి ఆటో పక్కన నిలబడ్డడు. నా మొకం సూడలే. అద్దం మీద మరక లేకున్నా వేలు పెట్టి రుద్దిండు.

"జానన్నా, ఏమనుకోకు. అక్కకు ఏమన్న అయి నక్షత్రం మంచిది కాకుంటే, ఇల్లు ఆర్నెల్లు పాడుపెట్టాలె. మేం గూడ పైన తాళమేసి పోవాలె. ఆదివారం వరకు ఖాళీ జెయ్యి."

నేను ఊకున్న. ఒప్పుకున్నట్టే అనుకొని పైకి పోయిండు.

రెండు దినాలు ఇండ్లు తిరిగిన. ఎంతమందుంటరు, ఏం పని జేస్తవ్ అని మంచిగనే అడుగుతరు. బీమారి సంగతి చెప్తే మాత్రం, ఇప్పుడే ఎవరో అడ్వాన్సిచ్చి పోయిన్రంటరు. ఒకామె అబద్ధమాడలే. రెండు చేతులు జోడించి తలుపు మూసింది.

చంద్రమ్మకు ఏం చెప్పలే. ఆమె నా కాళ్ల దిక్కు సూసింది.

"ఆటో నడిపెటోని కాళ్లకు గింత దుమ్మేంది? ఇండ్లు సూస్తున్నవా?"

"ఊ."

"నన్ను మోసుకుంట ఎన్నిండ్లు తిరుగుతవ్? భాగ్యను పిలువు."

భాగ్య మా వాడ ఆశా వర్కర్. వచ్చి మంచం పట్టె మీద కూసొని అంతా విన్నది.

"కోర్టుల ఊరికెనే వకీలునిచ్చే ఆఫీసున్నది మామా. ఆడోళ్లయితే ఆదాయం సర్టిఫికెట్ గూడ అడగరు. అర్జీ నేను రాస్త, అత్త ఏలుముద్రేస్తది."

"ఏలుముద్రెందుకే? నేను నాలుగు సదివిన," అన్నది చంద్రమ్మ. సంతకం పెట్టేసరికి చెమట పట్టింది. పేరు నడిమి సున్నా పెద్దగ పడ్డది.

బేస్తారం అర్జీ ఇచ్చొచ్చిన. శుక్రారం రమ్మని ఆఫీసోళ్లు శ్రీనివాస్‌కు ఫోన్ చేసిన్రు. చంద్రమ్మ తనూ వస్తనన్నది. ఆటో ఎనుక సీటు మీద బొంత పరిచి పండవెట్టిన. భాగ్య పక్కన కూసున్నది. చంద్రమ్మ కోర్టు మెట్లెక్కే స్థితిల లేదని తెలిసి, వకీలు దీప మేడమే కిందికొచ్చింది. డ్రైవర్ సీట్ల అడ్డంగ కూసొని ఫైలు మోకాళ్ల మీద పెట్టుకున్నది. శ్రీనివాస్ ఎండలనే నిలబడ్డడు, నీడకు రాలే.

"ఖాళీ జేస్తనని జానయ్యే ఒప్పుకున్నడు మేడం."

మేడం నా దిక్కు తిరిగింది. "ఒప్పుకున్నవా పెద్దాయనా?"

"ఊకున్న," అన్న. ఇంకో మాట దానంతటదే వచ్చింది. "ఊకునుడు ఒప్పుకునుడు గాదు. నేను పోను."

బొంతల నుంచి నవ్వు ఇనబడ్డది. "ముప్పై ఏండ్లకు నోరు తెరిసిండు."

కోర్టు ఆర్డర్ లేకుంట కిరాయికున్నోళ్లను ఎల్లగొట్టొద్దు, నీళ్లు, కరెంటు బందువెట్టొద్దు, పెడితే కేసైతదని మేడం నిమ్మళంగ చెప్పింది. "నక్షత్రం బాగలేదని ఖాళీ చేయించే చట్టమైతే నేను సదవలే," అన్నది.

శ్రీనివాస్ చెడ్డోడు కాదు, భయమున్నోడు. తల దించుకొని, "సరే, ఉండనియ్యండి. కనీసం పానం పోయేటప్పుడన్న వాకిట్లకు తీస్కరమ్మనండి. గట్లయితే ఇంటికి దోషముండదు," అన్నడు.

గిదేదో బాగనే ఉన్నదన్నట్టు భాగ్య నా మొకం సూసింది. నేనూ ఒక్క నిమిషం అట్లనే అనుకున్న. ఇప్పుడామె బరువెంత, ఎత్తుకొచ్చుడెంత సేపని గూడ అనుకున్న.

చంద్రమ్మ మోచేతి మీద లేసింది.

"శీనన్నా, మీ నాయన యాడ పోయిండు?"

"పైన. మా గదిలనే."

"నోట్ల నీళ్లెవరు పోసిన్రు?"

ఆయన చెప్పుతోని మట్టి గీకిండు.

"నేను పోసిన. నీ పెండ్లాం యాదమ్మ భయపడి మెట్ల కాడ్నే నిలబడ్డది. గప్పుడు పెద్దాయనను వాకిట్లకు మోసినమా?"

"నాయన మంచి నక్షత్రంల పోయిండక్కా. అయ్యగారు సూసి చెప్పిండు."

"మేం చర్చికి పోయెటోళ్లం. మాకు తెలిసిన నక్షత్రం డిసెంబర్ల ఇంటి మీద యేలాడేదొక్కటే. కావాలంటే మీ అయ్యగారితోని మంచి రోజులు రాపిచ్చుకరా, గోడకు అంటిస్త. వీలైతే ఆ దినాలల్లనే పోత. వాకిట్ల మాత్రం సావ."

మేడం నవ్వాపుకోలేకపోయింది. శ్రీనివాస్ మూతి గూడ కదిలింది గానీ, ఎంటనే బిగవట్టిండు. మేడం కాగితం తీసి, ఖాళీ చెయ్యమని ఇగ అడగనని ఆయన పేరు మీద రాసింది.

"ఇంకొకటి రాయి బిడ్డా," అన్నది చంద్రమ్మ. "నా శవప్పెట్టె ముందుగదిల నుంచే లేస్తదని."

"అట్ల యాడనన్న రాస్తరా?" అన్నడు శ్రీనివాస్.

"ఇప్పటిదాక ఎవరూ అడగలే," అని మేడం అది గూడ రాసింది.

శ్రీనివాస్ రెండుసార్లు సదివి సంతకం పెట్టిండు. కాగితం నా చేతికిస్తూ మెల్లగ అడిగిండు. "డాక్టర్లు ఎన్ని దినాలన్నరు?"

నేను నోరు తెరిసేలోపే లోపలి నుంచి జవాబొచ్చింది.

"వాళ్లు పదన్నరు. నేనింకా ఏమనలే. పోనియ్ ఆటో, ఆకలైతాంది."