అరాద్ రేవులో చెప్పులు

అరాద్ రేవు నుంచి మనామా నగరం వైపు, పూడిక తవ్వి తీసిన సన్నని కాలువ ఒకటుంది. అందులో సాగుతున్న ఇరుకు పడవలో, మంచినీళ్ళ క్యాన్ల మధ్య, టార్పాలిన్ కింద లూర్దుమేరి బోర్లా పడుకుని ఉంది. ఉదయం ఎనిమిదయింది. చెత్తసంచి పారేయడానికి గేటు దాటిన పనిమనిషి తిరిగి రాలేదని ఆ ఇంట్లో ఈపాటికి తెలిసే ఉంటుంది.

రెండేళ్ళుగా ఆమె పాసుపోర్టు, వీసా ఇచ్చి ఈ అరబ్బు దేశానికి రప్పించుకున్న యజమాని, కఫీల్ బీరువాలో ఉంది. ఎడమ మణికట్టు మీద ఇస్త్రీపెట్టె మొన వేసిన మచ్చ ఉంది. పారిపోతే నగలు దొంగిలించిందని కేసు పెడతానని అతడు అరిచి బెదిరించలేదు. రేపటి వంట సంగతి చెప్పినంత మామూలుగా చెప్పాడు. అతడు పోలీసుల దగ్గరికి వెళ్ళేలోగా తాను మనామాలోని మన దేశ ఎంబసీ గుమ్మం తొక్కాలి.

పడవ నడిపే మహబూబ్ పాషాది జగిత్యాల వైపు పల్లె. సముద్రం పూడ్చే కూలీలకు నీళ్ళు చేరవేయడం అతడి డ్యూటీ. ఆ ఇంటికీ క్యాన్లు వేసేవాడు. ఆమె నోట తెలుగు మాట వినబడి ఒకనాడు ఆగాడు. పట్టుబడితే అతడి కొలువూ ఖలాస్.

"పరేషాన్ గాకు అక్కా. వంతెన కిందికెళ్ళి పోతే ఆవల మనామానే."

"ఇంజను ఆపేశారేంటన్నా?"

"నీళ్ళు గుంజుకపోయినయ్. అడుగు తగుల్తున్నది. గడేసి నూకుతున్న."

"గడ నిలువుగా వేస్తే బురదలో దిగబడిపోద్ది. ఏటవాలుగా వెయ్యండి. మా నాన్న రాజోలు కాలవలో పడవే నడిపేవాడు."

"అట్లయితే నువ్వే రా, నేను పండుకుంట."

ఆమెకు నవ్వు రాబోయింది. అంతలో పాదాలకు ఇనుపరేకు చల్లగా తగిలింది. చెప్పులు లేవు.

తండ్రి పడవలోకి చెప్పులతో ఎవరూ అడుగుపెట్టేవారు కారు. ఆసామి అయినా, పాదిరిగారైనా గట్టున విడిచి రావలసిందే. చిన్ననాటి ఆ వాడుక, ఇంత భయంలోనూ తన పని తాను చేసుకుపోయింది. ఆమె టార్పాలిన్ అంచు ఎత్తి చూసింది. రేవు చివర, నీళ్ళకేసి, జతగా ఉన్నాయి. యజమానురాలు వాడి పడేసిన, బంగారు పూసల పచ్చ చెప్పులు.

"అన్నా, వెనక్కి తిప్పండి. నా చెప్పులు..."

"మాట్లాడకు. కారొచ్చింది."

తెల్లకారు దిగింది కఫీలే. నేరుగా చెప్పుల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. మధ్య దూరం రెండు వందల గజాలు. గడ బురదలో ఇరుక్కుంది. ఇప్పుడు తలెత్తుతాడు, పడవను చూస్తాడు, ఫోను తీస్తాడు.

అతడు వంగి రేవు కింద లోతు నీళ్ళలోకి చూశాడు. తాను దూకేసిందనుకుంటున్నాడని అప్పుడామెకు అర్థమయింది. కేక వేస్తాడనుకుంది. ఎవరినైనా పిలుస్తాడనుకుంది.

అతడు అటూ ఇటూ చూశాడు. ఆ చూపు పడవ మీదికీ, గడ వేస్తున్న కూలీ వీపు మీదికీ వచ్చింది. కూలీని మనిషిగా లెక్కించే అలవాటు లేని చూపు గనక, ఆగకుండా దాటిపోయింది. బూటు మొనతో ఒక చెప్పును నీళ్ళలోకి తోశాడు. తరువాత రెండోదాన్ని. జేబురుమాలుతో బూటు తుడుచుకుని, కారెక్కి వెళ్ళిపోయాడు.

"బతికిపోయినం అక్కా," అన్నాడు మహబూబ్ పాషా. "ఆ చెప్పులే కాపాడినయ్."

లూర్దుమేరి టార్పాలిన్ అంచు దించింది. పట్టుబడతానన్న భయం పోయి, దాని స్థానంలోకి మరొకటి వచ్చింది. తాను నిజంగా ఆ నీళ్ళలో ఉండి, మునుగుతూ చెయ్యి పైకెత్తి ఉన్నా, ఆ బూటు జాడ చెరిపే అదే పని చేసి ఉండేది.

వంతెన నీడ దాటి పడవ నగరం ఒడ్డుకు చేరింది. మహబూబ్ పాషా తన రబ్బరు చెప్పులు విడిచి ఆమె ముందు పెట్టాడు. తనవి కాని ఆ పెద్ద చెప్పులు ఈడ్చుకుంటూ, ప్రతి తెల్లకారుకూ గోడవారకు తప్పుకుంటూ, ఆమె ఎంబసీ చేరింది.

కౌంటరు వెనకనున్న తెలుగాయన తలెత్తకుండానే అడిగాడు. "పాసుపోర్టేదమ్మా?"

"అది తర్వాత రాసుకోండి బాబూ," అంది లూర్దుమేరి. "ముందు తేదీ, టైమూ వేసి, నేను బతికే ఉన్నానని రాయండి."